చేతులు వెనక్కి పెట్టుకో

కాకినాడ

అమ్మడూ,

చెక్కపని నేర్పడానికి నువ్వు పెట్టిన షెడ్డు ఫోటోలు చూశాను. వెలుతురు బాగా పడుతోంది. గోడకి పనిముట్ల బొమ్మలు గీయించి, ఏది ఎక్కడ తగిలించాలో తెలిసేటట్టు చేశావు చూడు, అది నాకు అన్నిటికంటే నచ్చింది. సాయంత్రం ఒక ఉలి ఆకారం ఖాళీగా కనబడితే ఆ ఉలి ఎక్కడో పొట్టులో పడుందని చీపురు పట్టకముందే తెలుస్తుంది.

పని వచ్చు గానీ పాఠం చెప్పడం రాదు, ఎక్కణ్ణుంచి మొదలెట్టమంటావు అని అడిగావు. ఫోన్లో చెబితే మీ పెద్దమ్మ మధ్యలో దూరి నీ పెళ్లి సంగతి ఎత్తుతుంది. అందుకని రాస్తున్నాను.

ముందు ఒకటి చెబుతాను, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. క్లాసులో నీ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడు. పని బాగా వచ్చినవాళ్లకి పాఠం చెప్పేటప్పుడు ఒక జబ్బు ఉంటుంది. ఎదుటివాడు రంపం వంకరగా పోనిస్తుంటే చూడలేరు. "ఇలా తే" అని లాక్కుని, నాలుగు కోతల్లో సరిచేసి, "చూశావా, ఇలా" అని తిరిగి ఇచ్చేస్తారు. ఆ నాలుగు కోతల్లో వాడు నేర్చుకున్నదల్లా తన చేతికి ఆ పని రాదని. నీకు ఈ జబ్బు కొంచెం ఎక్కువే. చిన్నప్పుడు తమ్ముడి గాలిపటం కూడా నువ్వే కట్టేదానివి.

ఇది నా సొంత సిద్ధాంతం కూడా కాదులే. స్వీడన్లో గోథెన్‌బర్గ్ దగ్గర నేస్ అనే చోట ఒట్టో సాలమన్ అనే ఆయన 1870ల నుంచి బడి పంతుళ్లకు చెక్కపని నేర్పే శిక్షణాలయం నడిపాడు. ఆ పద్ధతికి స్లాయిడ్ అని పేరు. అంతకుముందే, 1866లో, ఫిన్లాండులో ఊనో సిగ్నేయస్ పల్లెబడుల్లో చేతిపనిని పాఠంగా పెట్టించాడు. సాలమన్‌కి వడ్రంగులను తయారుచేయాలని లేదు. పిల్లవాడి కన్నూ చెయ్యీ బుద్ధీ కలిసి పనిచేయాలని, తను చేసినదాన్ని తనే తూచుకోగలగాలని ఆయన ఆశ. అందుకే పంతులు పిల్లవాడి పని మీద చెయ్యి వేయకూడదన్నాడు. మొదటి పనిముట్టుగా కత్తిని పెట్టాడు, ఎందుకంటే కత్తి ఏ ఇంటి పిల్లవాడికైనా తెలిసిన వస్తువే. మొదటి వస్తువు కత్తితో చెక్కే చిన్న పుల్ల. ఇంతే. అక్కణ్ణుంచి ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ, ప్రతి మెట్టులో ఒక కొత్త కష్టం మాత్రమే చేరుస్తూ పోయాడు. నేను క్రాఫ్ట్ టీచరుగా చేరిన రోజుల్లో మా హైస్కూలు బీరువాలో ఆ పద్ధతి మీద ఒక పాత పుస్తకం ఉండేది. అట్ట చెదలు తినేసింది గానీ లోపలి విషయం గట్టిది.

మరి చేతులు వెనక్కి పెట్టుకుని నేర్పడం ఎలాగంటావా? నీ బల్ల మీద నీ చెక్క వేరే పెట్టుకో. చూపించవలసిందంతా దాని మీద చూపించు. ఒకసారి మామూలు వేగంతో, ఒకసారి మెల్లగా మాట్లాడుతూ, ఇంకోసారి మాట్లాడకుండా. తర్వాత వాళ్ల దగ్గరికి వెళ్లి, తప్పు చెప్పకుండా, ప్రశ్న అడుగు. "మోచెయ్యి ఎక్కడుంది?" "గీతకి ఏ పక్కన కోస్తున్నావు?" చాలామంది అక్కడికక్కడే సర్దుకుంటారు. సర్దుకోకపోతే వంకరగానే కోయనీ. మామిడి చెక్క ముక్క పోతే పోతుంది.

మన మేస్త్రీలు ఇంత మాట్లాడరు, వాళ్లకి అవసరమూ లేదు. వడ్రంగుల ఇంట్లో పుట్టినవాడు పొట్టులో ఆడుకుంటూ పెరుగుతాడు. పదేళ్లకే బాడిస దెబ్బ చప్పుడు విని కర్ర ఎండిందో పచ్చిదో చెప్పగలడు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, చెవిలో పడిందంతే. నీ దగ్గరికి వచ్చే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు నలుగురికీ, బ్యాంకు ఆఫీసరు గారికీ, గృహిణి గారికీ, పిల్లలకీ ఆ పదేళ్లు లేవు. శనివారం మధ్యాహ్నం రెండు మూడు గంటలు వస్తారు, వాళ్లలో సగంమంది మధ్యలో ఫోను చూసుకుంటారు. అందుచేత మేస్త్రీ నోరు విప్పి చెప్పనిదాన్ని నువ్వు చెప్పాలి. ముఖ్యంగా చప్పుళ్లు. రంపం సాఫీగా సాగేటప్పటి చప్పుడు వేరు, బిగుసుకునేటప్పటి చప్పుడు వేరు. చిత్రిక నార వెంట పోతే చర్రుమని ఒకే పొడుగు చప్పుడు వస్తుంది, ఎదురుపోతే టకటకమని తెగుతుంది. ఒకరోజు అందరినీ వెనక్కి తిప్పి నిలబెట్టి, నువ్వు చిత్రిక పట్టు. "ఇప్పుడు నార వెంటా, ఎదురా?" అని అడుగు. పిల్లలు పెద్దవాళ్ల కంటే ముందు చెబుతారు.

సాన సంగతి. ప్రతి పుస్తకమూ మొదటి పాఠం సానపట్టడమే అంటుంది. నేను ఒప్పుకోను. పదును అంటే ఏమిటో చేతికి తెలియనివాడు దేనికోసం సానపడతాడు? మొదటి రోజు రెండు ఉలులు ఇవ్వు, ఒకటి కొత్తగా షాపులోంచి తెచ్చింది తెచ్చినట్టు, ఒకటి నువ్వు సానపట్టింది. మెత్తటి చెక్క ముక్క అడ్డకోతలో, అంటే నార చివరలు పైకి కనిపించే వైపు, రెండింటితోనూ ఒక్కొక్క పేడు తీయమను. షాపు ఉలి నారని నలిపి తెల్లగా చేస్తుంది. పదునుది తీసినచోట మెరుస్తుంది. ఆ మెరుపు చూసినవాళ్లు రెండో వారం వాళ్లంతట వాళ్లే సానరాయి ఏదీ అని అడుగుతారు. అప్పుడు చెప్పు: ముందు ఉలి వీపు చదును చేయాలి, ఏటవాలు 25 డిగ్రీలు, కొసన సన్నగా 30 డిగ్రీలు. రాయి మీద రుద్దుతుంటే అంచుకి అవతలివైపు గరుకు తేలుతుంది, అది వేలికి తగిలేదాకా ఆపకూడదు, తగిలాక వీపు వైపు తిప్పి దాన్ని దులిపేయాలి. పదును చూసుకోవడానికి చేతి మీద వెంట్రుకలు గొరుక్కోవడం మగపిల్లలకి సరదా. మాన్పించు. చెక్క అడ్డకోతే పరీక్ష.

మొద్దు ఉలే ప్రమాదమని కూడా ఆ రోజే చెప్పు. తెగకపోతే బలం పెడతారు, బలం పెడితే జారుతుంది. ఇక ఎడంచెయ్యి ఎప్పుడూ ఉలి అంచుకి వెనకే ఉండాలి, చెక్కని వైసులోనో క్లాంపుతోనో బిగించాలి తప్ప చేత్తో పట్టుకోకూడదు. ఈ ఒక్క నియమం విషయంలో మాత్రం చేతులు వెనక్కి పెట్టుకోనక్కర్లేదు, అరిచి ఆపేయి. చున్నీలు, వదులు చేతుల చొక్కాలు, గాజులు బయటే, జుట్టు ముడేసుకోవాలి. చెప్పులు వద్దు, బూట్లు. ఉలి కింద పడుతుంటే ఎవరూ పట్టుకోబోకూడదు, పడనివ్వాలి.

గీత గీయడం మీద నీకు నచ్చినంత సమయం పెట్టు, ఎంత పెట్టినా ఎక్కువ కాదు. కొత్తవాళ్లు పెన్సిలుతో లావుగా గీసి, ఆ లావులో ఎక్కడో కోసి, ముక్క పొట్టిదైందని ఆశ్చర్యపోతారు. కత్తిమొనతో గీయించు. గీతని ఉంచి, పారేసే ముక్క వైపు కోయాలి. అందుకని పారేసే వైపు పెద్ద ఇంటూ మార్కు పెట్టించు. మూలమట్టాన్ని నమ్మేముందు పరీక్షించడం కూడా వాళ్లచేతే చేయించు: తిన్నగా చదునైన అంచుకి ఆనించి ఒక గీత గీయాలి, మట్టాన్ని బోర్లా తిప్పి అదే చోట ఇంకో గీత గీయాలి. రెండూ కలిస్తే మట్టం సరైనది. విడిపోతే, ఆ ఎడం అసలు తప్పుకి రెట్టింపు. నీ సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది తెగ నచ్చుతుంది చూడు. పనిముట్టుని కూడా తప్పు పట్టవచ్చని తెలియడం వాళ్లకి పండగ. కొలతలు మిల్లీమీటర్లలోనే నేర్పు గానీ, బయట మేస్త్రీలు అంగుళాలూ సూత్‌లూ మాట్లాడతారని, సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతని చెప్పి ఉంచు. లేకపోతే సామిల్లులో తెల్లమొహం వేస్తారు.

రంపానికి మూడు మాటలు చాలు. చూపుడువేలు పిడి పక్కన చాపి ఉంచడం, మోచెయ్యీ భుజమూ రంపమూ ఒకే గీతలో ఉండటం, మొదలు పెట్టేటప్పుడు బొటనవేలి కణుపు ఆనించి మెల్లగా వెనక్కి రెండు మూడుసార్లు లాగి గాడి పడ్డాక ముందుకు తొయ్యడం. తర్వాత అంతా సాధనే. కోసిన ముక్కలకి తేదీ వేయించి ఒక డబ్బాలో దాచు. నెల తర్వాత మొదటి ముక్కా చివరి ముక్కా పక్కపక్కన పెడితే నువ్వు వేరే మెచ్చుకోనక్కర్లేదు.

కర్ర. టేకుతో మొదలుపెట్టకు. ఖరీదు భయానికి చెయ్యి వణుకుతుంది. అడితిలో మామిడి అడుగు, సిల్వర్ ఓక్ దొరికితే ఇంకా మంచిది. అరకు కాఫీ తోటల్లో నీడకి పెంచుతారే, మిరియాల తీగ పాకించే చెట్టు, అదే. ప్యాకింగు పెట్టెల పైను చెక్క కూడా పనికొస్తుంది గానీ మేకులు వెతికి తీయాలి, లేకపోతే చిత్రిక బ్లేడు పోతుంది. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్లపొణికి చాలా మెత్తన, బొమ్మ చెక్కడానికి హాయిగా ఉంటుంది, బరువు మోసేదానికి పనికిరాదు. ఎండీఎఫ్ పలకలు మాత్రం ఈ క్లాసులోకి రానివ్వకు. వాటికి నార లేదు కాబట్టి నేర్పేది లేదు, జిగురు పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అసలు ఏ చెక్క పొడీ మంచిది కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1995లోనే చెక్క ధూళిని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ఉప్పుకాగితం పట్టే రోజు మాస్కులు తప్పనిసరి, షెడ్డు ఊడ్చే ముందు నీళ్లు చిలకరించు.

మొదటి వస్తువు ఏమిటని నువ్వు రాసిన చిట్టాలో "జాయింట్ల అభ్యాసం" అని చూశాను. నవ్వొచ్చింది. ఐటీఐలో ఏడాది కూర్చునేవాడికి అది సరే. ఫీజు కట్టి శనివారం వచ్చినవాడు మొదటి రోజు ఇంటికి ఏదో ఒకటి పట్టుకెళ్లాలి. అట్లకాడ చేయించు. ఈమధ్య అందరి ఇళ్లలోనూ నాన్‌స్టిక్ పెనాలే, ఇనుప అట్లకాడ పెడితే గీతలు పడతాయి, చెక్కది నిజంగా వాడతారు. ఒక్క వస్తువులో గీయడం, కోయడం, ఉలితో మూలలు తీయడం, మొరటు ఆకురాయి, ఉప్పుకాగితం అన్నీ వచ్చేస్తాయి. నార పొడుగునా రావాలని, అడ్డంగా వస్తే కాడ పుటుక్కున విరుగుతుందని చెప్పు. చెప్పడం ఎందుకు, అడ్డనారతో ఒకటి నువ్వే కోసి ఉంచి, వాళ్ల చేతే విరగ్గొట్టించు. నున్నగా అయ్యాక తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే నార లేస్తుంది, అప్పుడు 220 నంబరు కాగితంతో మళ్లీ ఒకసారి రుద్దాలి. ఆ తర్వాత వంటకి వాడే అవిసె నూనె. హార్డ్‌వేరు షాపులో దొరికే కాచిన అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహపు మందులు కలుపుతారు, వంటింటి వస్తువుకి వద్దు. ఏ అవిసె నూనైనా సరే, తుడిచిన గుడ్డని ఉండ చుట్టి మూల పడేయకు. ఆరేటప్పుడు లోపల వేడి పుట్టి దానంతటదే అంటుకుంటుంది. విప్పి తీగ మీద ఆరేయాలి, లేదా నీళ్ల డబ్బాలో ముంచాలి. మీ హైదరాబాదు ఏప్రిల్ ఎండల్లో పొట్టు నిండిన షెడ్డులో ఈ సంగతి మరవకు.

రెండోది పీట. ఇక్కడ కొంచెం ఆగి నేర్పు, ఎందుకంటే కలప గురించి తెలియవలసిన అసలు విషయం పీటలో ఉంది. వానాకాలం తలుపు బిగుసుకుంటుంది, వేసవిలో వదులవుతుంది, అది అందరూ చూసినదే. ఎందుకని అడుగు. చెక్క గాలిలో చెమ్మని పీల్చి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. పొడుగులో మార్పు లెక్కలోకి రాదు, వెడల్పులోనే అంతా. దుంగ మధ్య నుంచి బయటికి పోయే దిశలో మారేదానికంటే వలయాల వెంబడి మారేది దాదాపు రెట్టింపు. పీట పలక వెడల్పుగా ఉంటుంది, దాని కింద అడ్డంగా రెండు పట్టీలు వస్తాయి. పట్టీ తన పొడుగులో కదలదు, పలక తన వెడల్పులో కదులుతుంది. జిగురు పెట్టి రెండింటినీ కలిపి బిగిస్తే ఒక వేసవికి పలక నెర్రె విచ్చుతుంది. అందుకని మధ్య స్క్రూ బిగించి, అటూ ఇటూ స్క్రూలకి బెజ్జాలు పలక వెడల్పు దిశలో కోలగా తీయాలి. పాత తలుపుల్లో చట్రం గాడిలో పలకని జిగురు లేకుండా వదులుగా నిలబెట్టేవాళ్లు, అదీ ఇందుకే. ఈ ఒక్కటీ అర్థమైనవాడు షోరూములో బల్ల కొనేటప్పుడు కిందికి వంగి చూస్తాడు.

పీట అయ్యాక ఇంకా ఉన్నవాళ్లకి కుసీ బెజ్జమూ, అంటే ఒక ముక్క కొసని ఇంకోదాని బెజ్జంలో దించే అతుకు, నేర్పు. ముందు బెజ్జం తొలిచి, దానికి సరిపడా కుసి చెక్కించు. కుసిని సన్నం చేయడం తేలిక, బెజ్జాన్ని చిన్నది చేయడం కుదరదు. ఏడాది నిలిచినవాళ్లకి వ్యాసపీఠం. ఒకే పలకలోంచి రెండు రెక్కలూ విడిపోయి ఒకదానిలో ఒకటి తిరిగేలా మధ్య కీళ్లు తొలచాలి కదా, అప్పటికి వాళ్లకీ నీకూ ఓపిక ఉంటే చూడొచ్చు.

మెషీన్లు. బెంగళూరులో నువ్వు సీఎన్‌సీ నేర్చుకుని వచ్చావు, చేతులు ఊరుకోవని తెలుసు. నీ నలుగురు కుర్రాళ్లూ రెండో వారానికే రూటర్ ఏది అంటారు. కొన్నాళ్లు ఆపు. మెషీను వేగంలో తప్పు ఎక్కడ జరిగిందో కంటికి అందదు, అందేలోపు చెక్క వెనక్కి తన్ని ఉంటుంది. చేత్తో నార దిశ పట్టుకోవడం వచ్చినవాడికి మెషీను మీద చెక్క ఎటు తోయాలో నువ్వు చెప్పక్కర్లేదు.

పెద్దవాళ్లకీ పిల్లలకీ ఒకే క్లాసు పెట్టావు, మంచిదే. పిల్లలు చెక్కని పాడుచేయడానికి భయపడరు, పెద్దవాళ్లు పక్కవాళ్ల ముందు నవ్వులపాలవుతామని భయపడతారు. ఆ బ్యాంకు ఆఫీసరు గారిని ఒక పిల్లవాడితో జతచేయి. ఒకరు కోయాలి, ఒకరు చూడాలి. ఆయన్ని పిల్లవాడు "అంకుల్, మోచెయ్యి" అంటే కోపం రాదు, నువ్వంటే వస్తుంది. పిల్లలకి బల్ల ఎత్తు తగ్గించు. నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వేలాడేస్తే మణికట్టు దగ్గరికి బల్ల రావాలి. వాళ్ల కాళ్ల కింద చెక్క దిమ్మ వేస్తే సరి.

గృహిణి గారి గురించి "ఆవిడకి ఉలి బరువేమో" అని రాశావు. నువ్వు రాయవలసిన మాటా అది? రోకలి ఎత్తిన చేతులవి.

ఇంకొకటుంది, ఇది పనికి సంబంధించినది కాదని నువ్వనుకోవచ్చు. గాంధీగారు 1937లో వార్ధాలో నయీ తాలీం గురించి చెప్పినప్పుడు, జాకిర్ హుస్సేన్ కమిటీ పాఠ్యప్రణాళిక వేసినప్పుడు, చదువంతా ఒక వృత్తి చుట్టూ తిరగాలన్నారు. నూలు వడకడమూ వడ్రంగమూ అందులో ఉన్నాయి. ఆలోచన గొప్పది. కానీ పిల్లలు చేసిన సరుకుతో బడి ఖర్చు వెళ్లాలని కూడా పెట్టారు, అక్కడ తిరకాసు వచ్చిందని నా అభిప్రాయం. లెక్క సరుకు మీదకి పోతే పిల్లవాడి మీద నుంచి చూపు తప్పుతుంది. తల్లిదండ్రులు కూడా, ఈ పని చేసే కులాలు ఎలాగూ ఉన్నాయి, మా వాడికెందుకు అనుకున్నారు. మా హైస్కూల్లో కూడా ఆ మాట వినబడేది. క్రాఫ్ట్ పీరియడు వస్తే లెక్కల మాస్టారు అడిగి పుచ్చుకునేవాడు. ఇప్పుడు 2020 జాతీయ విద్యావిధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగుల దగ్గర, కుమ్మరుల దగ్గర, తోటమాలుల దగ్గర నేర్చుకోవాలని రాశారు. మీ పక్క బడివాళ్లు నీ దగ్గరికి వస్తారేమో అడిగి చూడు. వస్తే మాత్రం ఆ పది రోజుల్లో ఒకరోజైనా మీ వీధిలో పనిచేసే మేస్త్రీని పిలువు. ఊరికే చూపించి పంపడానికి కాదు. నీకు గంటకి ఎంత వస్తుందో ఆయనకీ అంతే ఇవ్వు. పిల్లలు నిన్ను మేడమ్ అంటే ఆయన్ని మాస్టారు అనాలి. ఆయన నేల మీద కూర్చుని, చెక్కని కాలి బొటనవేలితో తొక్కిపట్టి కోస్తాడు. నీ వైసు నియమాలకి అది విరుద్ధం. పిల్లలు అడుగుతారు. "ముప్పై ఏళ్లు చేశాక మీరూ అలాగే చేయండి" అని చెప్పు.

నా ఉలుల్లో అంగుళందీ, అరంగుళందీ, పావంగుళందీ ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను, గోనెలో చుట్టి, అంచులకి రబ్బరు గొట్టం తొడిగి. పావంగుళం ఉలి పిడి కొంచెం కదులుతోంది, అక్కడ కొత్త పిడి వేయించుకో. పాత చిత్రిక కూడా పెడతాను, అది మాత్రం క్లాసులో పెట్టకు, నీ బల్ల మీదకి. మీ వైసు దవడల వెడల్పు ఎంతో కొలిచి పంపితే, లోపలివైపు వేయడానికి చెక్క పలకలు ఇక్కడే తయారుచేసి అదే పార్సిల్లో పడేస్తాను. గురువారం లోపు పంపు.

ఇట్లు
పెద్దనాన్న